ఫ్రెంచి 'లువే': అద్దెకు ఇచ్చారా, తీసుకున్నారా?

ప్రశ్న:
లియోన్‌లో చదువు ముగించి జర్మనీకి వెళ్తున్న మా అక్క కొడుకు కాగితాలను ఫ్రెంచి నుంచి జర్మన్‌లోకి మారుస్తున్నాను. ఒక ఉత్తరం దగ్గర ఆగిపోయాను. రాసినాయన "ఈ ఇంటిని మదాం ఫలానాకు లువే చేశాను" అన్నట్టు రాశారు. ఆమెకు అద్దెకు ఇచ్చారా, ఆమె దగ్గర తీసుకున్నారా? ముందు ఇంగ్లీషులో 'రెంట్' అని రాసుకున్నప్పుడు ఏ ఇబ్బందీ కనిపించలేదు. జర్మన్ మాత్రం ఊరుకోవడం లేదు. తీసుకుంటే మీటెన్, ఇస్తే ఫెర్‌మీటెన్ అనాలి.

ఇంకొకటి. చివర 'జ వూ దెమాంద్' అని ఉంటే 'డిమాండ్ చేస్తున్నాను' అని రాశాను. అది చదివి పిల్లవాడు "ఈయనకు నా మీద కోపమెందుకు?" అని బెంబేలెత్తిపోయాడు.

మొదటి జవాబు:
ముందు పిల్లవాడికి ధైర్యం చెప్పండి. దెమాందే అంటే అడగడం, అంతే. గట్టిగా పట్టుబట్టడానికి ఫ్రెంచిలో ఎగ్జిజే అనే వేరే క్రియ ఉంది. మీరు జర్మన్‌లో కోరడమనే అర్థమిచ్చే బిట్టెన్ వాడండి, పట్టుబట్టడమనిపించే ఫెర్‌లాంగెన్ వద్దు. కోర్టు కాగితాలలో మాత్రం జాగ్రత్త. అక్కడ దెమాందర్ అంటే వాది. అదే మాట పక్కన ఉద్యోగం అనే పదం చేరితే, పాపం, పని వెతుక్కుంటున్న మనిషి.

లువే సంగతి చిక్కే. ఆ వాక్యంలోని 'అ' అనే విభక్తిని 'ఆమెకు' అనీ 'ఆమె దగ్గర' అనీ రెండు విధాలా చదవవచ్చు. వాక్యాన్ని ఎంతసేపు చూసినా తేలదు, కాగితమంతా చూడాలి. ఎవరి పేరు పక్కన బయ్యర్ అని ఉంటే వారు అద్దెకిచ్చినవారు, లొకతేర్ అని ఉంటే అద్దెకున్నవారు. అద్దె రసీదు దొరికితే ఇంకా మంచిది. అది ఇచ్చేది అద్దె పుచ్చుకున్నవారే.

రెండో జవాబు:
నేనైతే ఇలాంటి వాక్యాన్ని ముందు తెలుగులో చెప్పుకుంటాను. ఇవ్వడమో తీసుకోవడమో తేల్చకుండా తెలుగులో అద్దె మాట పూర్తి కాదు కాబట్టి చిక్కు అక్కడే బయటపడుతుంది. ఇలాంటి రెండువైపుల క్రియలు ఇంకా ఉన్నాయి. ఫ్రెంచి అప్రాంద్ర్ నేర్చుకోవడమూ అవుతుంది, నేర్పడమూ అవుతుంది. జర్మన్ లైయెన్ అరువు ఇవ్వడానికీ తెచ్చుకోవడానికీ ఒకటే. ఇంగ్లీషును మధ్యవర్తిగా పెట్టుకోవడం వల్లే మీకు ఈ చిక్కు ఆలస్యంగా తెలిసింది.

మూడో జవాబు:
పై సలహా ఇలాంటి క్రియలకు బాగుంది. పోలికతో మోసం చేసే మాటలకు పనికిరాదు. డిమాండ్‌ను మనమే ఇంగ్లీషు నుంచి తెచ్చుకుని ఇంట్లో పెట్టుకున్నాం కదా! ఫ్రెంచివారు వీటిని 'దొంగ స్నేహితులు' అంటారు. 1928లో వచ్చిన ఒక ఫ్రెంచి పుస్తకంతో ఆ పేరు స్థిరపడింది. హిందీలో 'శిక్షా' అంటే చదువు, మనకు 'శిక్ష' అంటే దండన. చిన్నప్పుడు హిందీ పాఠంలో నేను తిన్న దెబ్బ అది.

లాటిన్ సంతతి భాషల్లో ఈ బాధ మరీ ఎక్కువ. సలీర్ అంటే స్పానిష్‌లో బయటికి వెళ్లడం, ఫ్రెంచిలో మురికి చేయడం. ఇటాలియన్‌లో సలీరె అంటే పైకి ఎక్కడం. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, 1980లో ఫ్లోరిడాలో స్పృహ తప్పిన కుర్రవాడి గురించి అతని వాళ్లు స్పానిష్‌లో ఇంతొక్సికాదో అన్నారు. తిన్నదేదో పడలేదని వాళ్ల ఉద్దేశం. వైద్యులు దాన్ని ఇంగ్లీషు 'ఇంటాక్సికేటెడ్'గా తీసుకుని మత్తుమందు ఎక్కువైందనుకున్నారు. అసలు జబ్బయిన మెదడులోని రక్తస్రావాన్ని ఆలస్యంగా గుర్తించారు. అతనికి కాళ్లూ చేతులూ చచ్చుపడిపోయాయి.

ప్రశ్న అడిగినవారు:
దొరికింది! రెండో పుటలో సూ-లొకాసియోం, అంటే ఉప అద్దె అని ఉంది. ఆయన మదాం దగ్గర అద్దెకు తీసుకుని, ఒక గది మా వాడికి ఇచ్చారన్నమాట. మొదటిదానికి మీటెన్, రెండోదానికి ఉంటర్‌ఫెర్‌మీటెన్ పెట్టాను. ఆ దెమాంద్ వాక్యం కూడా తేలింది. యజమానురాలి సమ్మతి పత్రాన్ని జతచేయమని ఆయన కోరుతున్నారు.

మొదటి జవాబు ఇచ్చినవారు:
అయితే ఆ పత్రాన్ని కూడా అనువదించండి. ఫ్రాన్సులో 1989 నాటి అద్దె చట్టం ప్రకారం యజమాని రాతపూర్వక సమ్మతి లేకుండా ఉప అద్దెకు ఇవ్వకూడదు. అద్దె మొత్తం రాసేటప్పుడు కూడా ఒకసారి సరిచూసుకోండి. ఫ్రెంచిలో వేల తరువాత ఖాళీ వదులుతారు, జర్మన్‌లో చుక్క పెడతారు. సెంట్ల ముందు మాత్రం రెండింటిలోనూ కామాయే.