జర్మనీలో ప్రొబేషన్‌లో ఉండగా జబ్బు చేస్తే: జీతం, క్రాంకెన్‌గెల్ట్ (ఇన్సూరెన్స్ సంస్థ ఇచ్చే జబ్బు భత్యం), వీసా

ప్రశ్న

అన్నయ్యలకీ అక్కలకీ నమస్కారం. ష్టుట్‌గార్ట్‌లో ఉద్యోగంలో చేరి మూడున్నర నెలలైంది. బ్లూ కార్డ్ (ఉద్యోగ వీసా) మీద ఉన్నాను, ప్రొబేషన్ ఆరు నెలలు, ఇన్సూరెన్స్ ప్రభుత్వ క్రాంకెన్‌కాసెలో (ఆరోగ్య బీమా సంస్థ). నడుములో డిస్క్ జారింది, పది నిమిషాలు కూడా కూర్చోలేకపోతున్నాను. డాక్టర్ రెండు వారాలకి ఏయూ (పని చేయలేనన్న సర్టిఫికెట్) రాశారు, ఈ శుక్రవారంతో అయిపోతుంది. నయం కావడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చట. జీతం ఆగిపోతుందా? ఉద్యోగంలోంచి తీసేస్తే వీసా ఏమవుతుంది? అమ్మ విజయవాడ వచ్చేయమంటోంది, వెళ్ళొచ్చా?

మొదటి జవాబు

ముందు శుక్రవారం సంగతి చూడు తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత. ఏయూ శుక్రవారంతో ముగిస్తే, తర్వాతి ఏయూ ఎంత ఆలస్యమైనా సోమవారానికల్లా డాక్టర్ రాసి ఉండాలి. శనివారాన్ని ఇక్కడ పనిదినంగా లెక్కపెట్టరు కాబట్టి సోమవారం దాకా వెసులుబాటు ఉంది. మంగళవారం వెళ్తే మధ్యలో ఖాళీ పడుతుంది, ఆ ఖాళీ రోజులకి డబ్బు రాదు. 'మా డాక్టర్ సెలవులో ఉన్నారు' అంటే క్రాంకెన్‌కాసె ఒప్పుకోదు. క్లినిక్ మూసి ఉంటే తలుపు మీదో ఆన్సరింగ్ మెషిన్‌లోనో బదులు డాక్టర్ పేరు ఉంటుంది, అక్కడికి వెళ్ళు. ఇవాళే ఫోన్ చేసి గురువారానికో శుక్రవారానికో అపాయింట్‌మెంట్ తీసుకుంటే ఇంకా మంచిది. మన వాళ్ళు ఎక్కువగా దెబ్బ తినేది ఈ తేదీల దగ్గరే.

జీతం ఆగదు. చేరి నాలుగు వారాలు దాటింది కాబట్టి ప్రొబేషన్‌లో ఉన్నా ఆరు వారాలు, అంటే శని ఆదివారాలతో కలిపి 42 రోజులు, కంపెనీ పూర్తి జీతం ఇవ్వాలి. చేరిన మొదటి నాలుగు వారాల్లోనే జబ్బు చేస్తే మాత్రం ఆ రోజులకి కంపెనీ ఇవ్వదు, క్రాంకెన్‌కాసె ఇస్తుంది.

43వ రోజు నుంచి క్రాంకెన్‌గెల్ట్. గ్రాస్‌లో 70 శాతం ఒకపక్క, నెట్‌లో 90 శాతం ఇంకోపక్క వేసి, రెండింటిలో ఏది తక్కువైతే అది. అందులోంచి పెన్షన్, నిరుద్యోగ బీమా, కేర్ ఇన్సూరెన్స్‌కి నీ వాటా మళ్ళీ కోస్తారు, పిల్లలు లేనివాళ్ళకి సుమారు 13 శాతం. గ్రాస్ 4,500, నెట్ 2,900 యూరోలు అనుకుందాం. 70 శాతం గ్రాస్ 3,150, 90 శాతం నెట్ 2,610. తక్కువది 2,610, కోతలు పోగా చేతికి దాదాపు 2,270. జీతం ఎంత పెద్దదైనా దీనికి రోజువారీ పరిమితి ఉంది, 2025లో అది 128.63 యూరోలు. ఒకే జబ్బుకి మూడేళ్ళలో 78 వారాలు దాకా లెక్క, కంపెనీ ఇచ్చిన ఆరు వారాలూ అందులో కలిసిపోతాయి కాబట్టి కాసె నుంచి నిజంగా అందేది 72 వారాలు.

ఒక మాట గుర్తుంచుకో. క్రాంకెన్‌గెల్ట్ నెల మొదట్లో జీతంలా వచ్చి పడదు. కాసె పంపే ఫారం నువ్వు నింపాలి, నీ జీతం వివరాలు హెచ్ఆర్ పంపాలి. హెచ్ఆర్ ఆలస్యం చేస్తే డబ్బూ ఆలస్యం. అయిదో వారంలోనే రెండు చోట్లా అడిగి ఉంచు, ఒక నెల అద్దె చేతిలో పెట్టుకో.

రెండో జవాబు

ఏయూ ఇప్పుడు కాగితం కాదు. ప్రభుత్వ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకి డాక్టర్ నేరుగా కాసెకి ఆన్‌లైన్‌లో పంపుతారు, 2023 జనవరి 1 నుంచి కంపెనీ అక్కడి నుంచే తీసుకుంటుంది. దీంతో చాలామంది 'అంతా ఆటోమేటిక్' అనుకుని కంపెనీకి చెప్పడమే మానేస్తున్నారు, అది పెద్ద తప్పు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని మీరు చెబితేనే హెచ్ఆర్‌కి ఎప్పుడు వెతకాలో తెలుస్తుంది. పొడిగించిన ప్రతిసారీ, ఆరు వారాలు దాటాక కూడా, అదే రోజు మెయిల్ పెట్టాలి. డాక్టర్ మీకిచ్చే ప్రింట్ భద్రంగా దాచుకోండి, సిస్టమ్‌లో ఎక్కకపోతే అదే ఆధారం.

జబ్బు పేరు హెచ్ఆర్‌కి చెప్పక్కర్లేదు. మేనేజర్ అభిమానంగా అడిగినా సరే, 'ఫలానా తేదీ దాకా పని చేయలేను' అంతే చాలు. కంపెనీకి వెళ్ళే సమాచారంలో జబ్బు వివరం ఉండదు.

ఇంకోటి, చట్టం ప్రకారం మూడు రోజులకి మించిన జబ్బుకి నాలుగో రోజు సర్టిఫికెట్ కావాలి గానీ, మొదటి రోజు నుంచే అడిగే హక్కు కంపెనీకి ఉంది. మీ కాంట్రాక్ట్‌లో ఏం రాశారో ఒకసారి చదవండి.

మూడో జవాబు

విజయవాడ ప్రయాణం గురించి. అమ్మ చేతి ముద్ద తినాలని ఎవరికుండదు? కానీ తొందరపడి టికెట్ కొనకండి. క్రాంకెన్‌గెల్ట్ తీసుకునే కాలంలో దేశం దాటాలంటే కాసె అనుమతి ముందే రాతపూర్వకంగా కావాలి. లేకుండా వెళ్తే అక్కడున్నన్నాళ్ళూ డబ్బు నిలిపేస్తారు. భారత్, జర్మనీ మధ్య ఉన్న సామాజిక భద్రత ఒప్పందం పెన్షన్‌కి సంబంధించింది, ఆరోగ్య బీమాకి పనికిరాదు. పైగా అక్కడుండగా ఏయూ ముగిస్తే పొడిగించేది ఎవరు? కంపెనీ జీతమిచ్చే ఆరు వారాల్లో వెళ్ళాలన్నా, ప్రయాణం వల్ల నడుం ఇంకా పాడవదని డాక్టర్ దగ్గర రాయించుకోండి, కంపెనీకి అక్కడి అడ్రస్ ఇవ్వండి. డిస్క్ నొప్పితో అన్ని గంటల విమానం మంచిదని ఏ డాక్టరైనా అంటారా అన్నది నా సందేహం.

సెలవు మీద ఇంటికెళ్ళినప్పుడు అక్కడ జబ్బు చేయడం వేరే సంగతి. అప్పుడు వెంటనే కంపెనీకీ కాసెకీ చెప్పాలి, అక్కడి డాక్టర్ కాగితంలో 'జబ్బుగా ఉంది' అని ఉంటే చాలదు, 'పని చేయలేని స్థితి' అని, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది స్పష్టంగా ఉండాలి. అలా ఉంటే ఆ రోజులు మీ సెలవుల్లోంచి పోవు.

ఒంటరిగా ఉండి వంటా ఇల్లూ చూసుకోలేకపోతే కాసె ఇంటిపనికి మనిషి ఖర్చు కూడా భరిస్తుంది. తీవ్రమైన జబ్బుకి నాలుగు వారాల దాకా, ఇంట్లో పన్నెండేళ్ళలోపు పిల్లలుంటే 26 వారాల దాకా. 'హౌస్‌హాల్ట్స్‌హిల్ఫె' అని డాక్టర్‌ని అడగండి. రోజుకి 5 నుంచి 10 యూరోలు మన వాటా. మన వాళ్ళు దీన్ని దాదాపు అడగరు. పనిమనిషిని ముందే పెట్టుకోకండి, అనుమతి వచ్చాకే.

ప్రశ్న వేసిన వ్యక్తి

చాలా థాంక్స్ అండి. రేపటికి అపాయింట్‌మెంట్ దొరికింది. మేనేజర్ ఇవాళ ఫోన్ చేసి, 'ఇద్దరికీ ఇబ్బంది లేకుండా పరస్పర ఒప్పందంతో విడిపోదాం, ఒక కాగితం పంపుతాను, సంతకం చెయ్యండి' అన్నారు. ఏం చేయాలి?

మొదటి జవాబు ఇచ్చిన వ్యక్తి

సంతకం చెయ్యకు. ఆ కాగితం పేరు ఆఉఫ్‌హేబుంగ్స్‌ఫెర్ట్రాగ్. నువ్వే ఉద్యోగం వదులుకున్నట్టు లెక్క. పన్నెండు వారాల దాకా నిరుద్యోగ భృతి ఆపేయొచ్చు, ఆ కాలంలో క్రాంకెన్‌గెల్ట్ కూడా ఆగుతుంది. 'చదివి చెప్తాను' అని మర్యాదగా మెయిల్ పెట్టు.

జబ్బులో ఉన్నవాళ్ళని తీసేయకూడదన్న మాట తప్పు. ప్రొబేషన్‌లో రెండు వారాల నోటీసుతో కారణం చెప్పకుండా తీసేయొచ్చు. తీసేసినా నువ్వు రోడ్డున పడవు. ఉద్యోగం ఉండగా మొదలైన జబ్బు కాబట్టి, ఏయూలు ఖాళీ లేకుండా నడిచినంత కాలం క్రాంకెన్‌గెల్ట్ వస్తుంది, ఆరోగ్య బీమా కూడా దాంతోనే నిలుస్తుంది. ఉద్యోగం పోయాక ఏయూ ఒక నెలకి మించి తెగితే మాత్రం రెండూ పోతాయి. జబ్బు కారణంగానే తీసేశారని తేలితే ఆరు వారాల జీతం మిగిలిన భాగమూ కంపెనీయే ఇవ్వాలి. నోటీసు చేతికందిన రోజు రాసుకో. కోర్టుకి వెళ్ళాలంటే మూడు వారాలే గడువు. ఆర్‌బైట్స్‌గెరిష్ట్‌లో (కార్మిక కోర్టు) అర్జీ రాసిపెట్టే కౌంటర్ ఉంటుంది, దానికి లాయర్ అక్కర్లేదు. ఆర్‌బైట్స్‌అగెంటూర్‌లో (ప్రభుత్వ ఉపాధి కార్యాలయం) మూడు రోజుల్లోగా ఉద్యోగం వెతుకుతున్నట్టు నమోదు చేసుకో, జబ్బులో ఉన్నా సరే.

నిరుద్యోగ భృతికి 30 నెలల్లో 12 నెలల బీమా కావాలి, నీకు మూడున్నరే ఉంది. క్రాంకెన్‌గెల్ట్ నెలలు కూడా ఆ పన్నెండులో కలుస్తాయి, ఇది చాలామందికి తెలీదు.

నాలుగో జవాబు

వీసా: ఉద్యోగం ముగుస్తోందని తెలిసిన రెండు వారాల్లోగా మీరే ఆఉస్‌లెండర్‌బెహోర్డెకి (విదేశీయుల వీసాలు చూసే ఆఫీసు) రాయాలి. జబ్బు సంగతి, క్రాంకెన్‌గెల్ట్ సాగుతున్న సంగతి కాసె ఉత్తరంతో సహా జత చేయండి. క్రాంకెన్‌గెల్ట్ మీరు కట్టిన బీమా డబ్బు, ప్రభుత్వ సాయం కాదు, అది తీసుకున్నంత మాత్రాన వీసాకి మచ్చ రాదు. బ్యూర్గర్‌గెల్ట్ (ఆదాయం లేనివాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే సాయం) అలా కాదు, దానికి దరఖాస్తు పెట్టేముందు ఎవరినైనా వీసా లాయర్‌ని అడగండి.

ఇది చదివే స్టూడెంట్లకి ఒక మాట. వెర్క్‌ష్టుడెంట్‌గానో (చదువుతూ పార్ట్‌టైమ్ పని) మినీజాబ్‌లోనో (తక్కువ జీతపు చిన్న ఉద్యోగం) ఉంటే ఆరు వారాల జీతం మీకూ వస్తుంది, ఏడో వారం నుంచి క్రాంకెన్‌గెల్ట్ మాత్రం లేదు. ఎక్కువ జీతంతో ప్రైవేటు ఇన్సూరెన్స్‌లో చేరినవాళ్ళకీ అంతే, క్రాంకెన్‌టాగెగెల్ట్ (జబ్బు రోజులకి భత్యమిచ్చే ప్రైవేటు బీమా) విడిగా తీసుకుని ఉండాలి. పాలసీ ఇవాళే తీసి చూసుకోండి.

క్రాంకెన్‌గెల్ట్ మీద పన్ను ఉండదు గానీ మిగతా జీతం మీద పన్ను రేటు పెంచుతుంది. ఏడాదిలో 410 యూరోలు దాటితే రిటర్న్ తప్పనిసరి, కాస్త డబ్బు పక్కన పెట్టుకోండి.