ఆవుని మేతబీట్లో మేపితేనే సుఖమా? కట్టేసి మేపితే తప్పా?

టంగుటూరు రైతు:
ఒంగోలు, నెల్లూరు టౌన్లలో ఇప్పుడు "ఆరుబయట తిరిగి మేసిన ఆవు పాలు" అని మామూలు పాల కంటే ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. తిరిగే ఆవు సుఖంగా ఉంటుందన్న నమ్మకంతోనే జనం కొంటున్నారు. మన జిల్లాల్లో ఇది ఎంతవరకు నిజమో మాట్లాడుకుందాం.

నా మటుకు నేను ఆవుని మేపుకు తోలాల్సిందేనంటాను. పొద్దస్తమానం మూరెడు పలుపుతో సిమెంటు గచ్చు మీద కట్టేస్తే గిట్టలు పెరిగిపోతాయి, మోకాళ్ళు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. ఎదకొచ్చిన సంగతి కూడా మనం సరిగ్గా గమనించలేం. అదే మందలో అయితే అది పక్క ఆవుల మీద ఎక్కుతుంది, వాటిని ఎక్కనిస్తుంది, కాపరి కనిపెట్టేస్తాడు. ఒంగోలు జాతి గుండ్లకమ్మ, మూసి, పాలేరు ఏళ్ళ పక్క నేలల్లో మేసి పెరిగిన జాతి. బ్రెజిల్ వెళ్ళి నెలోర్ అన్న పేరుతో అక్కడ కూడా పచ్చిక మీదే బతుకుతోంది.

పశువైద్యుడు, కనిగిరి వైపు:
బ్రెజిల్‌లో నెలోర్‌ని పెంచేది ముఖ్యంగా మాంసానికండీ, అదీ విశాలమైన గడ్డి మైదానాల్లో. మనకు పాలు పోసే ఇళ్ళలో ఉన్నవి ఎక్కువగా గేదెలు, జెర్సీ, హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) అనే విదేశీ జాతుల సంకరాలు. మే నెలలో ఇక్కడ ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. హెచ్ఎఫ్ సంకరం 30 దాటితేనే రొప్పడం మొదలుపెడుతుంది. మేత తగ్గిస్తుంది, పాలు తగ్గుతాయి, చూడి నిలవదు. గేదెకు నల్లతోలు, చెమట తక్కువ. మిట్టమధ్యాహ్నం దాన్ని నీళ్ళు లేని బీట్లో నిలబెట్టడం హింసే.

ఇంకా భయపెట్టేవి రెండున్నాయి. చెరువు నీళ్ళు తగ్గాక అంచున మొలిచే గడ్డి చూడ్డానికి పచ్చగా ఉంటుంది. నత్తలున్న చోట ఆ గడ్డితో పాటే కార్జపు జలగ (కాలేయంలో చేరే పురుగు) కడుపులోకి పోతుంది. కొన్ని నెలలకు పశువు చిక్కిపోయి దవడ కింద నీరు దిగుతుంది. రెండోది నాము. వానల్లేక వాడిన లేత జొన్న, కోసిన మోళ్ళకు వచ్చిన పిలకలు మేస్తే, అందులోని సైనైడు విషానికి పశువు నిమిషాల్లో కూలిపోతుంది. నేను వెళ్ళి సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కించేలోపే చాలా వరకు ప్రాణం పోతుంది. పలుపు విప్పి వదిలేస్తే మన బాధ్యత తీరిపోదు.

ఉదయగిరి, కాపరి కూతురు:
మీరిద్దరూ మేసే నేల ఉన్నట్టే మాట్లాడుతున్నారు. అదెక్కడుంది సార్? మా ఊరి పశువుల బీట్లో సగం సర్కారు తుమ్మ కమ్మేసింది. ఆ ఆకును పశువు ముట్టదు. కాయలు తియ్యగా ఉంటాయని తింటుంది, ఆ గింజలు పేడలో పడి ఇంకోచోట మొలుస్తాయి. మిగతా సగం సాగులోకి పోయింది. చుట్టూ జామాయిల్ తోటలు, మందు కొట్టిన మిరప చేలు. ఆవు గట్టు దాటితే కొట్లాట, తిట్లు తినేది మా నాన్న. రోజంతా నడిచి అర్ధాకలితో తిరిగొచ్చే ఆవుని పట్టుకుని స్వేచ్ఛగా తిరుగుతోందనడం నాకు బాధగా ఉంటుంది.

టంగుటూరు రైతు:
అమ్మా, మీరన్నదే అసలు విషయం. బీడు మీద పోరాడకుండా పాల లేబుళ్ళ మీద వాదించి లాభం లేదు. తుమ్మను పైపైన నరికితే మళ్ళీ చిగురేస్తుంది, మొదలు, వేళ్ళతో సహా పెకలించాలి. ప్రతి పంచాయతీలో మేతబీటికి హద్దురాళ్ళు వేయించాలి. డాక్టరు గారూ, ఎండ సంగతికొస్తే, తెల్లారగట్ల నుంచి తొమ్మిది వరకు, మళ్ళీ పొద్దు వాలాక మేపుకోవచ్చు. జలగకు మందు తాగించవచ్చు. నాము వేసే చేను ఏదో కాపరికి తెలుసు. వీటికి భయపడి ఆవుని జన్మంతా కట్టుకొయ్యకు కట్టేయడం నేను ఒప్పుకోను.

పశువైద్యుడు, కనిగిరి వైపు:
కట్టుకొయ్య వద్దనే నేనూ అంటున్నాను. బీడు లేని ఊళ్ళో దొడ్డి చుట్టూ కంచె వేసి పశువుల్ని విడిగా వదలండి. సగం కప్పు, సగం ఆరుబయలు, ఒక వేపచెట్టు, ఎప్పుడూ నిండుగా నీళ్ళ తొట్టి. పడుకునే చోట మట్టి నేల ఉంచండి. వరి కోతలప్పుడు పచ్చిమేతకు పిల్లిపెసర చల్లుకుంటే ఉత్త వరిగడ్డి మీద పడి ఉండక్కర్లేదు.

నెల్లూరు, పాలు కొనేవాడిని:
లేబుల్ నమ్మకుండా అమ్మేవాళ్ళని ఏం అడగాలో చెప్పండి.

పశువైద్యుడు, కనిగిరి వైపు:
మే నెల మధ్యాహ్నం ఆవు ఎక్కడుంటుంది, తాగే నీళ్ళు ఎంత దూరం, దూడకు ఎన్ని పాలు వదులుతున్నారు. కుదిరితే వెళ్ళి చూడండి.

ఉదయగిరి, కాపరి కూతురు:
వట్టిపోయిన ఆవుని ఏం చేస్తున్నారో కూడా అడగండి. రాత్రిళ్ళు హైవే మీద పడుకునే ఆవులు ఎవరో ఒకరి దొడ్లోంచి వచ్చినవే. అలాగే, మీరు ఇచ్చే ఎక్కువ ధరలో కాపరికి ఎంత చేరుతోందో అడగండి. మా ఇంటికైతే అందులో ఒక్క రూపాయీ రాలేదు.