ఐదో రోజు కూడా కూర్చుని చూసినవాళ్లు ఉన్నారా?

సిల్లీపాయింట్:

సౌతాఫ్రికాతో జరిగిన గువాహటి టెస్టు గురించే. కోచ్‌ని తిట్టే థ్రెడ్లు ఇప్పటికే బోలెడున్నాయి, దీన్ని కూడా అలా చేయకండి ప్లీజ్. నా ప్రశ్న చిన్నది. 2025 నవంబర్ 26 పొద్దున, 549 కొట్టాల్సిన మ్యాచ్‌లో మనం 27కి 2 మీద ఉండగా, తొమ్మిదింటికి టీవీ పెట్టినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఉంటే ఏం చూద్దామని పెట్టారు?

నేను పెట్టాను. దాని వెనక ఒక మొండితనం ఉంది. అంతకుముందు కోల్‌కతా టెస్టు కోసం సోమ, మంగళవారాలు సెలవు పెట్టుకుంటే ఆ మ్యాచ్ ఆదివారమే చాప చుట్టేసింది. 124 కొట్టమంటే 93కి ఆలౌట్. సెలవు రోజుల్లో ఇంట్లో బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చున్నా. గువాహటికి మళ్లీ మూడు రోజులు పెట్టాను. ఈసారి దేవుడు కరుణించి ఐదు రోజులూ ఆడించాడు. కాకపోతే అందులో సగానికి పైగా వాళ్లే బ్యాటింగ్ చేశారు.

మొదటి రోజు 247కి 6 అంటే ఫర్వాలేదు, రేపు పొద్దున చుట్టేస్తారులే అనుకున్నా. రెండో రోజు ముత్తుసామి 109, యాన్సెన్ 91 బంతుల్లో 93. నాన్న లోపల గదిలో పడుకుని కామెంటరీ వింటున్నారు. ముత్తుసామి సెంచరీ అనగానే "ఎవర్రా ఈ కుర్రాడు, బాగా ఆడుతున్నాడే, ఎప్పుడు తీసుకున్నారు?" అని సంబరంగా అడిగారు. నాన్నా, అతనిది అవతలి జట్టు అన్నాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత "మహరాజ్ కూడానా?" అన్నారు.

మూడో రోజు సంగతి అందరికీ తెలిసిందే. 95కి 1 కాస్తా 122కి 7 అయింది. యాన్సెన్ షార్ట్ బాల్ వేస్తాడని ఇంట్లో కూర్చున్న నాకే తెలిసిపోతోంది. పంత్ క్రీజు వదిలి ముందుకొచ్చి ఊపి, కీపర్‌కి ఎడ్జ్ ఇచ్చి, పైగా రివ్యూ అడిగినప్పుడు రిమోట్ సోఫా మీదికి విసిరేశా. కెప్టెన్ కదయ్యా ఈ మ్యాచ్‌కి నువ్వు!

కానీ నాకు అసలు మంట పుట్టింది అక్కడ కాదు. 288 లీడ్ ఉండి కూడా వాళ్ల కెప్టెన్ బవుమా ఫాలోఆన్ ఆడించలేదు (అంటే మనల్నే వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దించలేదు) చూడండి, అక్కడ. ఓడించడానికి కూడా మాకేం తొందర లేదు, కూర్చోండి అన్నట్టు. నాలుగో రోజు లీడ్ 400 దాటింది, 450 దాటింది, 500 దాటింది, డిక్లేర్ చేయరు. మధ్యాహ్నానికి నా పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందంటే స్టబ్స్ సెంచరీ కొట్టేస్తే బాగుండు అని నేనే కోరుకుంటున్నా, కొడితేనైనా ఆపుతారని! 94 దగ్గర జడేజా బౌల్డ్ చేస్తే మళ్లీ నేనే ఎగిరి గంతేశా. ఎందుకు వేశానో ఇప్పటికీ అర్థం కాలేదు.

ఐదో రోజు నేనేం చూశానో తర్వాత చెప్తా. ముందు మీరు చెప్పండి.

కవర్‌డ్రైవ్99:

చూడలేదు అన్నా. నాలుగో రోజు సాయంత్రం రాహుల్‌ని వాళ్ల స్పిన్నర్ హార్మర్ బౌల్డ్ చేసిన మరుక్షణం యాప్ ఫోన్‌లోంచి తీసేశా. అప్పగింతలయ్యాక పెళ్లి పందిట్లో కూర్చుంటే కుర్చీలు లెక్కపెట్టుకోవడమే.

డకౌట్:

నాకు ఈ మ్యాచ్‌లో బాగా నచ్చింది టైమింగ్సే. అక్కడ పొద్దు త్వరగా గూకుతుంది కాబట్టి 11 గంటలకు టీ, 1:20కి లంచ్. లంచ్‌కి ముందు టీ ఇచ్చే టెస్టు నా జీవితంలో మొదటిసారి చూశా. మనవాళ్లు రెండింటికీ సమన్యాయం చేశారు, ఏ బ్రేక్ దగ్గరా నొచ్చుకోకుండా వికెట్లు ఇచ్చారు. జురెల్ అయితే టీకి నిమిషాల ముందు పుల్ చేసి మిడాన్‌లో క్యాచ్ ఇచ్చాడు. ఆకలేసిందేమో పాపం.

పాతబంతి:

సిల్లీపాయింట్ బాబూ, నేను చూశాను. ప్రతి టెస్టూ చివరి బంతిదాకా చూస్తాను. ఇది భక్తీ కాదు, ఆశా కాదు. 2001 మార్చిలో చేసిన ఒక తప్పుకి కట్టుకుంటున్న జరిమానా.

కోల్‌కతా ఈడెన్‌లో ఆస్ట్రేలియాతో టెస్టు, మూడో రోజు 171కి ఆలౌటయ్యాం. 274 వెనకబడి ఉన్నాం. వాళ్ల కెప్టెన్ స్టీవ్ వా ఫాలోఆన్ ఆడించాడు. అంతకుముందు ముంబైలో మూడు రోజుల్లో పది వికెట్లతో ఓడి ఉన్నాం. ఇంక చూసేదేముంది అని టీవీ కట్టేసి, మర్నాడు తెల్లారకుండానే బంధువుల పెళ్లికి బస్సెక్కాను. దారిలో పక్కసీటాయన చెవి దగ్గర చిన్న ట్రాన్సిస్టర్. "లక్ష్మణ్ ఇంకా ఉన్నాడండీ" అన్నాడు. ఉంటే ఎంతసేపుంటాడులెండి అన్నాను. నేను బస్సు దిగేటప్పుడూ ఉన్నాడు. పెళ్లి భోజనాల దగ్గరా ఉన్నాడు. సాయంత్రం మళ్లీ బస్సెక్కేసరికీ ఉన్నాడు. ద్రావిడ్ కూడా ఉన్నాడు. ఆ రోజంతా ఒక్క వికెట్ పడలేదు. మన భాషవాడు 281 కొట్టాడు, అందులో నేను చూసింది మొత్తం హైలైట్లే. దాన్ని ఇరవై నాలుగేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో ఇప్పటికీ మా ఆవిడ ఎగతాళి చేస్తుంది, "ఆ రోజు మీరు పెళ్లికి వెళ్లారు కాబట్టే గెలిచారు" అని. అది కూడా నిజమేనేమో.

ఫాలోఆన్ సంగతి మీరు అవమానం అంటున్నారు. నాకలా అనిపించలేదు. ఆ ఈడెన్ మ్యాచ్ తర్వాత ఫాలోఆన్ ఆడించే ముందు కెప్టెన్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తున్నారు. బౌలర్లు అప్పటికే ఎనభై మూడు ఓవర్లు వేసి ఉన్నారు, వెంటనే మళ్లీ దించితే యాన్సెన్ అదే ఊపుతో వేస్తాడా? పైగా రోడ్డు లాంటి పిచ్ ఐదో రోజుకే కదా స్పిన్నర్‌కి పనికొచ్చేది. హార్మర్‌కి 37 పరుగులకే 6 వికెట్లు ఊరికే రాలేదు, బవుమా దాచిపెట్టి ఇచ్చాడు. ఈ మ్యాచ్‌దాకా అతని కెప్టెన్సీలో పన్నెండు టెస్టుల్లో పదకొండు గెలుపులు, ఒక డ్రా. ఓటమి లేదు. అలాంటివాడు లెక్క చూసుకుంటాడు కానీ మన మంట చూడడు. ఇక వాళ్ల కోచ్ నాలుగో రోజు అయ్యాక మనల్ని "గ్రోవెల్" (కాళ్ల దగ్గర పాకేలా) చేయాలనుకున్నాం అని వాడిన మాట మాత్రం నాకూ నచ్చలేదు. 1976లో ఇంగ్లండ్ కెప్టెన్ టోనీ గ్రెగ్ వెస్టిండీస్ మీద అదే మాట వాడి సిరీస్ 3-0తో పోగొట్టుకున్నాడు. ఈయన గెలిచాడు కాబట్టి చెల్లిపోయింది.

థర్డ్‌అంపైర్:

పాతబంతి గారూ, మీ జరిమానా కథ బాగుంది గానీ అదే సమస్య కూడా. ఆ ఒక్క ఈడెన్ పేరు చెప్పి మా తరం చేత ఎన్ని చెత్త మ్యాచ్‌లు చూపించారో!

నేను చూశాను, కానీ మనవాళ్ల కోసం కాదు. వాళ్ల స్లిప్ ఫీల్డర్ మార్క్రమ్ కోసం. ఒకే టెస్టులో తొమ్మిది క్యాచ్‌లు. 2015లో గాలెలో రహానే పట్టిన ఎనిమిదే అప్పటిదాకా రికార్డు. అందులో మన నితీశ్ కుమార్ రెడ్డిది చూశారా, మూడో రోజు, బౌన్సర్ గ్లవ్స్‌కి తగిలి స్లిప్ పక్కనుంచి పోతుంటే గాల్లో ఒంటిచేత్తో అందుకున్నాడు. నితీశ్ ఔటయ్యాడన్న బాధ గుర్తొచ్చేసరికి రిప్లే కూడా అయిపోయింది.

నితీశ్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మెల్‌బోర్న్‌లో 114 కొట్టిన కుర్రాణ్ని ఆల్‌రౌండర్ అని తీసుకున్నారు. వాళ్లు 151 ఓవర్లు ఆడితే అతని చేత గట్టిగా పది ఓవర్లు కూడా వేయించలేదు. బ్యాటింగ్‌లో 10, 0. బౌలింగ్ ఇవ్వరు, స్థానం కుదరనివ్వరు, తర్వాత తీసేసి "అవకాశాలిచ్చాం కదా" అంటారు. మనవాడని అంటున్నాను అనుకోండి, ఫర్వాలేదు, అనుకోండి.

కోపం లేదని మాత్రం నేను అనను. పన్నెండేళ్లపాటు సొంతగడ్డ మీద ఒక్క సిరీస్ ఓడకుండా, వరసగా 18 గెలిచిన జట్టు ఇది. న్యూజిలాండ్ వచ్చి 3-0, ఏడాది తిరిగేసరికి వీళ్లొచ్చి 2-0. సౌతాఫ్రికా ఇక్కడ సిరీస్ గెలవడం 2000 తర్వాత ఇదే. మన స్పిన్ పిచ్ మీద హార్మర్ ఓడించాడు, సరే. ఈ మామూలు పిచ్ మీద కూడా అతనే ఓడించాడు. ఇప్పుడు పిచ్‌ని తిట్టుకోవడానికి కూడా లేకుండా పోయింది.

డకౌట్:

నాగ్‌పూర్ 2004లో ఆస్ట్రేలియా చేతిలో 342 పరుగుల ఓటమే పెద్దది అనుకునేవాళ్లం. ఇప్పుడు 408 పరుగులతో ఓడి దాన్ని కూడా ప్రశాంతంగా ఉండనివ్వలేదు.

సిల్లీపాయింట్:

ఫాలోఆన్ విషయంలో పాతబంతి గారు చెప్పాక కాస్త చల్లబడ్డాను. బుర్ర ఒప్పుకుంది, మిగతాది ఇంకా ఒప్పుకోలేదు.

ఇక నా ఐదో రోజు. నిజం చెప్తే నవ్వుతారు. నేను సాయి సుదర్శన్‌ని చూశాను. 139 బంతులు, 14 పరుగులు. మొదటి అరగంట విసుగొచ్చింది. అవతల కుల్దీప్ నైట్‌వాచ్‌మన్‌గా (సాయంత్రం అసలు బ్యాటర్‌ని కాపాడ్డానికి ముందుగా పంపే బౌలర్‌గా) వచ్చి పొద్దున్నే బౌల్డయ్యాడు, జురెల్ వెళ్లాడు, పంత్ వెళ్లాడు, ఇతను మాత్రం ముందుకు కాలు వేయడం, బంతిని కాళ్ల దగ్గరే చంపేయడం. చుట్టూ నలుగురు మనుషులు. ఒక అరవై బంతులయ్యాక నాకు తెలియకుండానే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. హార్మర్ ఓవర్ ఒక్క పరుగూ లేకుండా మెయిడిన్‌గా అయిపోతే బౌండరీ కొట్టినట్టు చప్పట్లు కొట్టా. నాన్న లేచి వచ్చి స్కోరు చూసి, "గెలుస్తామా ఏంట్రా?" అన్నారు. లేదు నాన్నా, 460 పైన కావాలి అన్నాను. "మరెందుకు కొడుతున్నావ్ చప్పట్లు?" అని, వెళ్లిపోకుండా పక్కనే కూర్చున్నారు. టీకి 90కి 5. ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. టీ నుంచి రాగానే ముత్తుసామి వేశాడు, ఎడ్జ్, స్లిప్‌లో మళ్లీ మార్క్రమ్. నాన్న "అయ్యో" అన్నారు. నాలుగు రోజుల్లో ఎవరికీ అనలేదు ఆ మాట.

కవర్‌డ్రైవ్99:

అన్నా, 139 బంతులకు 14 కొడితే మెచ్చుకుంటున్నావా? ఇలాంటి బ్యాటింగే కదా మనల్ని ముంచింది.

సిల్లీపాయింట్:

మునిగింది మూడో రోజే తమ్ముడూ. ఆ రోజు మన టాప్ ఆర్డర్ ఏం ఆడిందో చూశాం. కుల్దీప్ 134 బంతులు ఆడి 19 చేశాడు, వాషింగ్టన్‌తో కలిసి 72 జోడించాడు. పదో నంబర్‌కి దగ్గర్లో వచ్చే బౌలర్ అంతసేపు నిలబడితే బంతిలో దయ్యాలేమీ లేవనే కదా. సుదర్శన్ గొప్పగా ఆడాడని నేను అనట్లేదు. పరుగు తీయాల్సిన బంతులు చాలా వదిలేశాడు, కాళ్లు కదలట్లేదు కూడా. అయినా ఆ పొద్దున వికెట్ విసిరేయనివాడు ఒకడైనా కనిపించాడని చూశానంతే. తర్వాత జడేజా 54 కొట్టాడు, బాగానే ఆడాడు, విచిత్రంగా అదేమీ గుర్తు లేదు నాకు.

పాతబంతి:

నూట ఎన్నో బంతి దగ్గర నేనూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను బాబూ. మా ఆవిడకు చెప్పకండి.