45 వేలకి మొదటి టెలిస్కోప్, మౌంట్ ఏది కొనమంటారు?

ప్రశ్న (గాజువాక నుంచి)

అందరికీ నమస్తే అండి. ఆకాశం ఫొటోలు తియ్యాలని రెండేళ్ళ నుంచి కోరిక, నెలనెలా కొంచెం దాచుకుంటే ఇప్పటికి 45 వేలయ్యాయి. ఆన్‌లైన్లో ఒక 130/900 టెలిస్కోప్ చూసాను (అద్దం 130 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ 900), ఈక్యూ2 మౌంట్‌తో, అంటే దాన్ని మోసి తిప్పే స్టాండుతో కలిపి వస్తుంది, దానికి కెమెరా తగిలించి ఆండ్రోమెడా, ఓరియన్ నెబ్యులా తియ్యొచ్చని రాసారు. కెమెరా నా దగ్గర ఉంది, కెనాన్ 1500డి, 18-55, 55-250 లెన్సులు రెండూ ఉన్నాయి. మేడ మీద నుంచే తీద్దామని, తూర్పు కొంచెం ఖాళీ, మిగతా వైపులా లైట్లే. కొనేయమంటారా? మళ్ళీ ఇంత డబ్బు ఒకేసారి చేతిలో ఉండదు, అందుకే అడుగుతున్నా.

జవాబు (మధురవాడ నుంచి)

తమ్ముడూ ఇంకా ఆర్డర్ పెట్టలేదు కదా, పెట్టకు. నేను సరిగ్గా ఇలాంటిదే కొన్నాను ఆరేళ్ళ క్రితం, అమ్మినాయన కెమెరా పడుతుందనే చెప్పాడు, తీరా ఇంటికొచ్చాక కెమెరా బిగించి చంద్రుడి వైపు తిప్పితే ఫోకసర్ పూర్తిగా లోపలికి నెట్టేసినా బొమ్మ మసగ్గానే ఉంది. ఇలాంటి న్యూటోనియన్లు, అంటే అద్దాల టెలిస్కోప్‌లు, చాలావరకు కంటితో చూడ్డానికి చేసినవి, డీఎస్ఎల్ఆర్ సెన్సార్ ఉండే చోటుకి ఫోకస్ బయటకి రాదు. బార్లో అని ఫోకల్ లెంగ్త్‌ని రెట్టింపు చేసే లెన్సు పెడితే వస్తుంది గానీ అప్పుడు 900 కాస్తా 1800 అవుతుంది, అది ఇంకా కష్టం.

ఎందుకు కష్టమో లెక్క చెప్తా, ఇది అర్థమైతే ఏం కొనాలో నీకే తెలుస్తుంది. భూమి తిరగడం వల్ల చుక్క సెకనుకి 15 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) జరుగుతుంది. నీ 1500డిలో పిక్సెల్ సుమారు 3.7 మైక్రాన్లు. 206ని పిక్సెల్ సైజుతో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఒక్కో పిక్సెల్ ఆకాశంలో ఎంత మేర చూస్తుందో వస్తుంది, 900 దగ్గర అది 0.85 ఆర్క్ సెకన్లు. అంటే మౌంట్ ట్రాక్ చెయ్యకపోతే ఒక్క సెకనులోనే చుక్క 17 పిక్సెళ్ళు గీత గీస్తుంది! 250 లెన్సుతో అయితే 5, 50 దగ్గరైతే ఒకటి. ఫోకల్ లెంగ్త్ పెరిగేకొద్దీ మౌంట్ తప్పులు కూడా అంతే పెరుగుతాయి, ఈక్యూ2 లాంటి సన్న కాళ్ళ మౌంట్ మీద అంత పొడుగు ట్యూబు, దానికి కెమెరా బరువు, పైగా మన సముద్రం గాలి, ఇంక ఏం నిలబడుతుంది చెప్పు.

ఇంకోటి, ఆండ్రోమెడా గెలాక్సీ ఫొటోలో దాదాపు 3 డిగ్రీల పొడుగుంటుంది, అంటే ఆరు పున్నమి చంద్రుళ్ళని పక్కపక్కన పేర్చినంత. 900 ఫోకల్ లెంగ్త్‌కి నీ కెమెరాలో పట్టేది 1.4 డిగ్రీలే, సగం కూడా రాదు. అదే నీ 55-250 లెన్సు 250 దగ్గర పెడితే 5 డిగ్రీలు పడుతుంది, గెలాక్సీ మొత్తం చుట్టూ ఖాళీతో సహా వస్తుంది. అంటే ఆండ్రోమెడాకి కావలసిన టెలిస్కోప్ నీ బ్యాగులోనే ఉంది, లేనిది మౌంట్. డబ్బంతా అక్కడ పెట్టు. స్టార్ అడ్వెంచరర్ 2ఐ లాంటి ట్రాకర్, అంటే కెమెరాని చుక్కలతో పాటు తిప్పే చిన్న మౌంట్ చూడు, 5 కేజీలు మోస్తుందంటారు కానీ ఫొటోలకి అందులో సగమే లెక్క వేసుకో, నీ కెమెరా లెన్సు కలిపినా కేజీకి కాస్త అటూ ఇటే కాబట్టి హాయిగా మోస్తుంది. బడ్జెట్ చాలకపోతే సెకండ్ హ్యాండ్ దొరికే వరకు ఆగు. ట్రైపాడ్ మాత్రం గట్టిది కావాలి, పెళ్ళి వీడియోలకి వాడే బరువైన రకం, సెల్ఫీలకి వాడే అల్యూమినియం పుల్లలు వద్దు.

జవాబు (ఎంవీపీ కాలనీ నుంచి)

పై అన్నయ్య చెప్పింది కరెక్టే కానీ నేను వేరే దారి కూడా చెప్తాను. ఊళ్ళో మేడ మీద నుంచే తియ్యాలి, వైర్లు కేబుళ్ళు వద్దు అనుకుంటే సీస్టార్ ఎస్50 లాంటి, కెమెరా లోపలే ఉండే స్మార్ట్ టెలిస్కోప్‌లు వచ్చాయి. 50 మిల్లీమీటర్ల లెన్సు, 250 ఫోకల్ లెంగ్త్, ఫోన్లో పేరు నొక్కితే అదే వెళ్ళి వెతుక్కుని ఫొటోల మీద ఫొటోలు తీసి కలిపేస్తుంది. మా ఇంట్లో ఉంది, పిల్లలు కృత్తికలు చూసి పిల్లలకోడి పిల్లలకోడి అని ఎగిరారు, ఆ రాత్రి నేను మర్చిపోలేను. కాకపోతే సెన్సార్ చిన్నది, ఒక్క ఫ్రేములో ఆండ్రోమెడా పట్టదు, గ్రహాలకి పనికిరాదు, శని వలయాలు చూపిస్తుందని ఆశపడొద్దు. మీకు ఫొటో కావాలా, ఫొటో తియ్యడం నేర్చుకోవడం కావాలా, అది తేల్చుకోండి ముందు.

ప్రశ్న అడిగిన వారు

చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. నాకు నేర్చుకోవడమే కావాలి అక్కా, కెమెరా కూడా ఉంది కదా. కానీ ట్రాకర్ ఇరుసుని ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలట, అందుకు అది కనిపించాలంటున్నారు, మా మేడకి ఉత్తరం వైపు ఐదంతస్తుల అపార్టుమెంటు అడ్డం. ఇంక మౌంట్ కొని ఏం లాభం? పైగా ఉన్న డబ్బంతా ఒక్క వస్తువు మీద పెట్టాలంటే భయంగా ఉంది.

జవాబు (భీమిలి నుంచి)

బాబూ, దీనికి భయపడాల్సిన పనేటీ లేదు. మన వైజాగ్ 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, కాబట్టి ధ్రువ నక్షత్రం కూడా అంతే ఎత్తులో ఉంటాది. చెయ్యి చాపి పిడికిలి పట్టి చూస్తే ఒక పిడికిలి సుమారు 10 డిగ్రీలు, అంటే రెండు పిడికిళ్ళ కంటే కొంచెం కింద. అంత కిందకి ఉంది కనకే ఊళ్ళో చాలామందికి బిల్డింగో కొండో అడ్డొస్తాది. కనిపించకపోతే ట్రాకర్ని స్పిరిట్ లెవెల్‌తో సమంగా పెట్టి, యాంగిల్ 17.7కి తిప్పి, ఫోన్ కంపాస్‌తో ఉత్తరానికి పెట్టు. మన దగ్గర అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే, అది మన అదృష్టం. ఇనప చువ్వల పక్కన మాత్రం కంపాస్‌ని నమ్మకు, మేడ మీద పిల్లర్ చువ్వలు ఉంటాయి కదా, దూరంగా జరిగి చూసుకో. 18-55 లెన్సుకి ఇది చాలు. 250కి చాలదు, అప్పుడు డ్రిఫ్ట్ అలైన్‌మెంట్, అంటే చుక్క ఎటు జరుగుతోందో చూసి ట్రాకర్ గురి సరిచేయడం నేర్చుకోవాలి, లేదా ఉత్తరం తెరిపిగా ఉండే చోటికి పోవాలి.

డబ్బు పెట్టడానికి భయం అన్నావు కాబట్టి ముందు నువ్వే ఒక ట్రాకర్ చేసుకో. రెండు చెక్కలు, తలుపు బందు ఒకటి, ఎం6 బోల్టు ఒకటి. ఆ బోల్టుకి మర మరకీ మధ్య సరిగ్గా 1 మిల్లీమీటరు ఉంటాది. బందు మధ్య నుంచి 228.5 మిల్లీమీటర్ల దూరంలో బోల్టు పెట్టి నిమిషానికి ఒక చుట్టు తిప్పితే పై చెక్క ఆకాశంతో సమానంగా తిరుగుతాది. ఆ కొలత ఎక్కడిదంటే, చుక్కలు ఒక చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాలు, అంటే 1436 నిమిషాలు, దాన్ని రెండు పైలతో, అంటే 6.283తో భాగించు, వస్తాది. పదిహేను సెకన్లకి పావు చుట్టు చొప్పున చేత్తో తిప్పొచ్చు, 50 ఫోకల్ లెంగ్త్ వరకు బాగా పనిచేస్తాది. వడ్రంగి దగ్గర మిగిలిన చెక్కలు అడుగు, ఖర్చు వందల్లోనే.

ఈ ఊరికి ఆకాశం కొత్త కాదు బాబూ. డాబాగార్డెన్స్‌లో 1840లోనే గోడే వెంకట జగ్గారావు గారు అబ్జర్వేటరీ పెట్టారు, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యుడికి అడ్డంగా దాటడం ఇక్కడి నుంచే చూసి నమోదు చేశారు. ఆ సంగతి తెలిసిన కాడినుంచీ నాకు ఆ వీధిలోంచి వెళ్తుంటే ఒకలా ఉంటాది.

జవాబు (మధురవాడ నుంచి)

గురువుగారు చెప్పింది బంగారం. నేను ఒకటి రెండు కలుపుతాను. ఊళ్ళో లైట్లలో 250 లెన్సు పెట్టి 30 సెకన్లకి మించి తియ్యకు, బ్యాక్‌గ్రౌండ్ తెల్లబడిపోతుంది, తక్కువ సెకన్ల ఫొటోలు ఎక్కువ తీసి సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో కలుపు, ఫ్రీనే. నాలుగు రెట్లు ఫొటోలు తీస్తే నాయిస్ సగానికి తగ్గుతుంది, కాబట్టి 50 దగ్గర ఆపేయకుండా 200 తియ్యి. ఓరియన్ నెబ్యులా జనవరిలో మనకి 67 డిగ్రీల ఎత్తుకి వస్తుంది, ఊళ్ళోంచి కూడా బ్రహ్మాండంగా పడుతుంది, దాంతోనే మొదలుపెట్టు. ఆండ్రోమెడాకి మాత్రం నవంబర్, డిసెంబర్‌లో అనంతగిరి వైపు ఒక రాత్రి పోవాలి, ఒంటరిగా వద్దు.

ప్రశ్న అడిగిన వారు

టెలిస్కోప్ ఆలోచన మానేసాను అన్నా. ఈ ఆదివారం చెక్క ట్రాకర్ చేస్తాను, జనవరి దాకా దాంతో తీసి, అప్పటికీ ఇష్టం ఇలాగే ఉంటే అసలు ట్రాకర్ కొంటాను. గురువుగారూ, బోల్టు మామూలు ఇనపది సరిపోతుందా?

జవాబు (భీమిలి నుంచి)

వద్దు, స్టెయిన్‌లెస్ తీసుకో. సముద్రం గాలికి మామూలుది కొన్నాళ్ళకే తుప్పు పట్టి మరలు పట్టేస్తాయి, తిప్పినప్పుడల్లా చెక్క అదురుతాది. కుట్టు మిషను నూనె ఒక చుక్క వెయ్యి. లెన్సులు కూడా రాత్రి మంచులో పెట్టినవి అలాగే తడితో బ్యాగులో పెట్టీకు, ఫంగస్ వచ్చేస్తాది, ఆరబెట్టి సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో మూత పెట్టి ఉంచు. చెక్కలు కోసే ముందు బందు నుంచి బోల్టు కన్నం దాకా కొలత ఇంకోసారి చూసుకుని, ఫొటో ఇక్కడ పెట్టు, నేను చూసి చెప్తాను.