అన్నతో మందు మాన్పించాలి: నెలకి పాతిక వేల సెంటరా, రుయా ఓపీనా?

రేణిగుంట తమ్ముడు:
మా అన్న ఆటో తోలతాడు. ఈ మధ్య పొద్దున లేవగానే క్వార్టర్ పడకపోతే చెయ్యి వణికి ఆటో తాళం కూడా పెట్టలేకపోతున్నాడు. తాగుడు మాన్పించే ఒక ప్రైవేటు సెంటరుకి ఫోన్ చేస్తే నెలకి పాతిక వేలు, కనీసం మూడు నెలలు ఉండాలన్నారు. "అడ్రసు చెప్పండి చాలు, వ్యాన్‌లో వచ్చి మేమే ఎత్తుకెళ్తాం" అన్నారు. మొదటి నెల ఎవరినీ కలవనివ్వరట. వదిన గాజులు కుదువ పెట్టడానికి సిద్ధపడింది. అమ్మేమో కాణిపాకంలో ప్రమాణం చేయిస్తే చాలంటోంది. తిరుపతిలో రుయా సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్తే పని అవుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

పలమనేరు పెద్దాయన:
అమ్మ మాట వినండి. వినాయకుడి ముందు ప్రమాణం చేసి మళ్లీ చుక్క ముట్టనివాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. అయ్యప్ప మాల వేసుకున్నవాడు నలభై ఒక్క రోజులు ఆ వైపే చూడడు కదా! మనసుంటే డబ్బుతో పనేముంది?

వార్డు అక్క:
పెద్దాయనా, ప్రమాణాన్ని నేను తీసిపారేయను. కానీ ఈ తమ్ముడు రాసిన ఒక్క ముక్క చూడండి. పొద్దున మందు పడకపోతే చెయ్యి వణుకుతోంది. అంటే ఒళ్లు దానికి అలవాటు పడిపోయింది. అలాంటి మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక కొందరికి మతి తప్పడం మొదలవుతుంది. లేని పురుగులు పాకుతున్నాయని దుప్పటి దులిపేవాళ్లని, వార్డులో పడుకుని ఆటో స్టాండులో ఉన్నాననుకుని సెలైన్ పీకేసి లేచేవాళ్లని నేను చూశాను. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు.

గుళ్లో ప్రమాణం చేసి మానినా, వ్యాన్‌లో ఎత్తుకెళ్లి మాన్పించినా ఆ మూడు నాలుగు రోజుల గండం ఒకటే. కాబట్టి ప్రైవేటా సర్కారా అన్నది తర్వాతి సంగతి. ఆ రోజుల్లో పక్కన డాక్టరు ఉంటాడా? ఆ సెంటరు వాళ్లని ముందు అది అడగండి. వణుకు, ఫిట్స్ రాకుండా లోరాజెపామ్ లాంటి మాత్ర మోతాదు చూసి ఇచ్చి, రోజురోజుకీ తగ్గిస్తూ వస్తారు. బీ1 విటమిన్ ఎక్కిస్తారు. ఇవేమీ గాజులు కుదువ పెట్టేంత ఖరీదైన మందులు కావు. రుయాలో సైకియాట్రీ విభాగం ఉంది, పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకోండి. రోజుకి ఎంత తాగుతాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు, ఇదివరకు ఫిట్స్ వచ్చాయా, ఇవి డాక్టరు దగ్గర దాచకండి. అక్కడికి వెళ్లేదాకా మీ అంతట మీరు సీసా లాక్కోకండి.

ఇంకో మాట. తెలియకుండా కూరలో కలపమని ఎవరైనా పొడి ఇస్తే తీసుకోవద్దు. అందులో తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ ఉందనుకోండి, దాని మీద తాగితే వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆ మందు మేమూ ఇస్తాం, కానీ మనిషికి అన్నీ చెప్పి, ఒప్పించి ఇస్తాం.

చంద్రగిరి నుంచి:
అక్కా, మీది ఆసుపత్రి మాట, నాది ఇంటి మాట. మా ఆయన ఒక ఆసుపత్రిలో వారం ఉండి శుభ్రంగా బయటికి వచ్చాడు. బస్సు దిగి ఇంటికి వచ్చే దారిలోనే వైన్ షాపు. ఆ రాత్రే మళ్లీ మొదలు. పుత్తూరు కట్టు వేయించుకుని ఇంటికి వచ్చేసినంత సులువా ఇది? మళ్లీ ఓపీకి రమ్మంటే ఎవరొస్తారు? చివరికి అప్పు చేసి సెంటరులో వేశాం. అక్కడ ఏం చేశారో నాకు పూర్తిగా తెలియదు. ఆయన లేని ఆ నెలల్లో మాత్రం మా పిల్లలు తలుపు చప్పుడుకి ఉలిక్కిపడకుండా పడుకున్నారు. ఆ డబ్బు దండగ అంటే నేను ఒప్పుకోను.

కోర్టు మనిషి, చిత్తూరు:
మీ బాధ కాదనను, అమ్మా. కానీ వ్యాన్ సంగతి వేరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మందు, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలకీ వర్తిస్తుంది. ఇలాంటి సెంటరుకి రిజిస్ట్రేషన్ ఉండాలి. మనిషి తనకు తానుగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే అతని తరఫు ప్రతినిధి దరఖాస్తు పెట్టాలి, ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి, వాళ్లలో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండాలి. అలా చేర్చుకున్నా మొదట 30 రోజుల వరకే. "మూడు నెలలు, కలవనివ్వం" అని ఫోన్‌లోనే తేల్చేయడానికి వీల్లేదు. ఫోన్ చేసుకునే హక్కు, మనుషుల్ని కలిసే హక్కు లోపలున్నవాడికి ఉన్నాయి. గొలుసులు వేయడం నిషేధం. బలవంతంగా గుండు కొట్టించడమూ కుదరదు. తిరుపతిలో గుండు అంటే మొక్కు, అక్కడ మాత్రం చట్టవిరుద్ధం!

గాంధీరోడ్డు గోపి:
చిత్తూరు వైపువాళ్లకి వేలూరు సీఎంసీ బస్సు దూరమే. బాగాయంలో వాళ్ల మానసిక వైద్య కేంద్రం ఉంది, ఇంటివాళ్లు పేషెంటుతో పాటు ఉండే పద్ధతి అక్కడ ఎప్పటినుంచో ఉంది. కుప్పం వైపువాళ్లు బెంగళూరు నిమ్హాన్స్‌కి పోతుంటారు. రేణిగుంటలో ఉన్నవాళ్లకి రుయా చాలు.

వార్డు అక్క:
చంద్రగిరి చెల్లీ, మీరన్నది నిజమే, వారంతో అయిపోయే పని కాదు. డిశ్చార్జి తర్వాతే మనిషి మా చేతుల్లోంచి జారిపోతాడు. నాల్ట్రెక్సోన్ లాంటి మాత్రలు, మళ్లీ తాగాలన్న యావని తగ్గిస్తాయి, కానీ నెలల తరబడి వాడాలి, మధ్యమధ్యలో వచ్చి చూపించుకోవాలి. తాగుడు మానాలనుకునేవాళ్లంతా కలిసి కూర్చునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకి ఫీజు ఉండదు. ఎక్కువ రోజులు ఉంచాల్సి వస్తే తాగుడు, డ్రగ్స్ మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేసి, కేంద్ర ప్రభుత్వ గ్రాంటుతో నడిచే సెంటర్లు దగ్గర్లో ఎక్కడున్నాయో అడగండి. పాతిక వేలు కట్టే ముందు ఆ ఒక్క ఫోనైనా చేయాలి కదా. ఇంట్లో చెయ్యి చేసుకుంటుంటే మాత్రం మందు మానేదాకా ఓపిక పట్టమని నేను ఎవరికీ చెప్పను. మహిళల హెల్ప్‌లైన్ 181కి చేయండి.

రేణిగుంట తమ్ముడు:
అందరికీ థాంక్స్. అన్న రానని మొండికేస్తేనే టెన్షన్.

వార్డు అక్క:
మధ్యాహ్నం తాగి ఉన్నప్పుడు అడగొద్దు. పొద్దున చెయ్యి వణుకుతున్నప్పుడే, "ఈ వణుకు తగ్గించుకుందాం రా అన్నా" అనండి. మందు మానమని అప్పుడే ఎత్తకండి. అప్పటికీ కదలకపోతే మీరే 14416, టెలీమానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి చేయండి. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. ఇంటివాళ్లు కూడా చేయొచ్చు.

రేణిగుంట తమ్ముడు:
అడ్మిట్ చేస్తే పక్కన మనిషి ఉండాలా? నాకు నైట్ డ్యూటీలు.

వార్డు అక్క:
ఉండాలి. మొదటి నాలుగు రాత్రులు తప్పనిసరి. సెలవు పెట్టి మీరే ఉండండి, వదినని ఇంట్లో పడుకోనివ్వండి.