ప్రింటు చీరను పోచంపల్లి అనొచ్చా, అనకూడదా?

ఉప్పల్_పద్మజ
ముందు జరిగింది చెప్తాను, తర్వాత తిట్టండి. మొన్న మాఘమాసంలో మా గృహప్రవేశం అయింది. పెద్దాడపడుచుకి పెట్టడానికి కొత్తపేటలో ఒక షాపులో (పేరు వద్దులెండి) పోచంపల్లి పట్టు అంటే 6,200 పోసి కొన్నాను. మెరూన్ రంగు, దాని మీద తెలుపు, ఆవపిండి రంగు డైమండ్లు. బొట్టు పెట్టి చేతిలో పెట్టానో లేదో, మా వదిన పదిమందిలో కొంగు తిరగేసి, గోటితో గీకి చూసి, "ప్రింటు కదమ్మా ఇది, పోచంపల్లి అన్నావేంటి?" అనేసింది. అన్నం సయించలేదు ఆ రోజు. షాపతనికి ఫోన్ చేస్తే "పోచంపల్లి డిజైనే కదా మేడం" అంటాడు. డిజైను అదైతే చీర అదే అయిపోతుందా?

బాలానగర్_బాబాయ్
విజయవాడలో హైదరాబాద్ హలీం అని బోర్డు పెట్టి అమ్మట్లేదా? జనం తినట్లేదా? చీర బాగుంటే కట్టుకోవడమే.

పడుగుపేక
బాబాయ్, ఆ హలీంల మాంసం వేస్తున్నరా, మాంసం ఫోటో వేస్తున్నరా? ప్రింటు అంటే నేతకు ఫోటో. అంతే.

పద్మజక్కా, పోచంపల్లి అంటే డైమండు గుర్తు కాదు. నేయకముందే దారాన్ని కట్టి, రంగుల ముంచి, కట్లు ఇప్పి, మళ్ల ఇంకో రంగుకు కట్టి, అన్ని రంగులు అయినంక మగ్గమెక్కిస్తరు. బొమ్మ దారంలనే ఉంటది, బట్ట మీద కాదు. దీన్నే ఇక్కత్ అంటరు. ఇగ పేకకు, అంటే అడ్డం దారానికి, ఆసు పోసుడు వేరే నరకం. అర్ధచంద్రం లెక్క కొట్టిన మేకుల చుట్టు దారం తిప్పుకుంట పోవాలె. ఒక్క చీరకు 9 వేల సార్లు చెయ్యి అటు ఇటు తిరుగుతది. చింతకింది మల్లేశం వాళ్ళమ్మ భుజం నొప్పి చూడలేకనే ఆసు యంత్రం తయారుచేసిండు, 2017ల పద్మశ్రీ ఇచ్చిన్రు. గంత కష్టపడి చేసినదానికి, స్క్రీను పెట్టి రంగు గుద్దినదానికి ఒకటే పేరా? పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లనే జీఐ, అంటే ఊరి పేరు మీద సర్కారు గుర్తింపు, వచ్చింది. ఎవరు పడితే వాళ్ళు ఆ పేరుతోని అమ్మొద్దు. ఆ షాపు మీద కేసు పెట్టొచ్చు.

సంధ్య_చీరలు
కేసు పెట్టండి, పెట్టండి. 6 వేల చీరకి లాయరుకి 20 వేలు ఇచ్చి పెట్టండి.

నేను ఇంట్లోంచే చీరలు అమ్ముతాను. ప్రింటూ అమ్ముతాను, మగ్గం చీరా అమ్ముతాను. ప్రింటుని "ఇక్కత్ ప్రింట్" అనే రాసి గ్రూపులో పెడతాను, ఇంతవరకూ ఎవరినీ మోసం చెయ్యలేదు. 850కి ఇస్తాను. కొనేది ఎవరనుకున్నారు? ప్రైవేటు స్కూలు టీచర్లు, హాస్పిటల్లో రిసెప్షన్ అమ్మాయిలు. వాళ్ళకీ ఆ డిజైను ముచ్చటే. వాళ్ళని కట్టుకోవద్దంటారా?

పదాల_పంతులు
చర్చ బాగానే ఉంది కానీ అందరూ "ఇక్కత్" అంటున్నారు. అది మన మాట కాదు. మలయ్ భాషలో కట్టడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. మన నేతగాళ్ళు చిటికి అనేవారు. ముందు మాట సరిచేసుకుంటే బాగుంటుంది.

బాలానగర్_బాబాయ్
చిటికి అని షాపులో అడిగితే చిటికెన వేలు చూపిస్తారు పంతులుగారూ.

కూకట్‌పల్లి_కుట్టుమిషన్
నేను పదహారేళ్ళుగా జాకెట్లు కుడుతున్నా. రోజుకి నాలుగైనా ఇక్కత్ ముక్కలు నా కత్తెర కింద పడతాయి. అందరూ చెప్పేదేంటి? తిరగేసి చూడు, వెనక వెలిసినట్టుంటే ప్రింటు. నిజమే గానీ, ఇప్పుడు రెండో వైపుకి కూడా రంగు దిగేలా ప్రింటు కొడుతున్నారు, దాంతో నేనే రెండుసార్లు మోసపోయా. గోటితో గీకితే మాత్రం ఏమీ తెలీదు, అది ఊరికే పెద్దరికం చూపించుకోవడం.

నేను చేసేది ఇది. కత్తిరించిన అంచు దగ్గర నిలువు దారం (పడుగు) ఒకటి, అడ్డం దారం (పేక) ఒకటి లాగుతా. తెల్ల కాగితం మీద పక్కపక్కన పెడతా. ప్రింటైతే రెండు దారాల మీదా మచ్చమచ్చలుగా రంగు ఉంటుంది, పురి విప్పితే లోపల తెల్లగా కనిపిస్తుంది. నేసినదైతే దారం లోపలిదాకా రంగు ఉంటుంది. అదీగాక మామూలు పోచంపల్లిలో కట్టు ఒక వైపే ఉంటుంది, పడుగులోనో పేకలోనో. కాబట్టి ఒక దారం మచ్చలుగా వచ్చినా రెండోది మొదట్నుంచి చివరిదాకా ఒకే రంగులో వస్తుంది. రెండూ మచ్చలుగా వచ్చి, రెండూ లోపలిదాకా రంగుంటే అది డబుల్ ఇక్కత్. దాని ధర చెప్తే పద్మజగారికి కళ్ళు తిరుగుతాయి.

పద్మజగారూ, జాకెట్టు ముక్క మీ దగ్గరే ఉందా?

ఉప్పల్_పద్మజ
ఉంది. ముక్క నేను ముందే కత్తిరించి ఉంచుకున్నా, వదినకి నేనే కుట్టించి ఇద్దామని. ఇప్పుడు ఆవిడ అడగదు, నేను ఇవ్వను.

లా_విద్యార్థి
చిన్న సవరణ. జీఐ రక్షించేది పేరుని. "పోచంపల్లి" అని చెప్పి ప్రింటు అమ్మితే తప్పు. "ఇక్కత్ ప్రింట్" అని అమ్మితే ఆ పేరు వాడినట్టు కాదు. 1985 చట్టం వేరే. దాని కింద 11 రకాల బట్టలు చేనేతకే వదిలేశారు, చీర కూడా అందులో ఉంది (అన్ని చీరలూ కాదు, ఫలానా లక్షణాలున్నవే). ఇక చేనేత అని నమ్మకంగా తెలియాలంటే 2006 నుంచి హ్యాండ్‌లూమ్ మార్క్ ఉంది, ఆ లేబుల్ అడగండి.

పుట్టపాక_పోరడు
అందరు జీఐ జీఐ అంటున్నరు గని ఒక్క మాట. నల్లగొండ, వరంగల్ దిక్కు ఎన్ని ఊర్లల్ల నేస్తే అన్నీ "పోచంపల్లి" అయిపోయినయి. మా పుట్టపాకల నేసిన చీర పోచంపల్లి. కొయ్యలగూడెంల నేసినా పోచంపల్లే. హైదరాబాద్‌ల షాపోళ్ళకు ఒక్కటే పేరు నోరు తిరిగింది. మా తేలియా రుమాలు చూసినోళ్ళున్నరా ఇక్కడ? నూనె, ఆముదం కాయల బూడిద కలిపి దినాల కొద్ది నూలు నానబెడ్తరు. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే రంగులు. ఒకప్పుడు చీరాల నుంచి అరబ్బు దేశాలకు పోయేది. దానికి 2020ల మా ఊరి పేరు మీద జీఐ వచ్చింది. చీరకు మాత్రం ఇంకా పక్కూరి పేరే. ముందు ఇది మోసమా కాదా చెప్పున్రి.

పడుగుపేక
అన్నా, అది ఇప్పుడు ముచ్చట కాదు.

పుట్టపాక_పోరడు
ఎప్పుడడిగినా ఇప్పుడు కాదంటరు.

తార్నాక_అత్తయ్య
ఒడిశా వాళ్ళ సంబల్‌పురి, గుజరాత్ పటోలా, మనది, మూడూ నాకు ఒకలాగే కనిపిస్తాయి. తేడా ఎలా పట్టాలి?

పుట్టపాక_పోరడు
అత్తయ్యా, సంబల్‌పురిల శంఖం, చక్రం, పువ్వు, చేపలు ఉంటయి, గీత వంకర తిరుగుతది, అంచు మసకగ మెత్తగ ఉంటది. మనది ఎక్కువ గళ్ళు, డైమండ్లు, మెట్లు మెట్లు గీతలు. పటోలా పాటన్‌ల సాల్వీ కుటుంబాలు నేస్తయి, పడుగు పేక రెండిట్లనూ కట్టు ఉంటది. అచ్చంగ గసొంటి డబుల్ ఇక్కత్ మా ఊర్ల కూడ నేస్తరు. చెప్పిన కదా, పోచంపల్లి అని అమ్ముతరు.

పడుగుపేక
మళ్ల అసలు ముచ్చటకు వస్త. సంధ్య గారు ప్రింటు అని రాసే అమ్ముతున్న అన్నరు. మంచిది. కాని 850కి ఆ డైమండు దొరికినంక మగ్గం మీది 8 వేల చీర ఎవరు కొంటరు? ఆ డైమండు ఎవరిది? గీసింది ఎవరు, లెక్క కట్టింది ఎవరు? మీరు అమ్మే ఒక్కొక్క ప్రింటు చీర ఒక్కొక్క మగ్గం మీద మన్ను పోసినట్టే. మీ అసొంటోళ్ళ వల్లనే మగ్గాలు మూలకు పడ్డయి. కడుపు మండి చెప్తున్న.

సంధ్య_చీరలు
నా వల్ల మగ్గాలు మూలన పడ్డాయా?

అయితే వినండి. మాదీ నేత ఇల్లే. చీరాల వైపు. మా నాన్న పొద్దున ఆరింటికి మగ్గం గుంటలో దిగితే చీకటి పడ్డాక లేచేవాడు. నూలు సావుకారుదే, డిజైను సావుకారుదే, నాన్నది కూలి మాత్రమే. నా పదో తరగతి ఫీజు కట్టాల్సిన వారం, మూడు చీరలు తీసుకెళ్తే ఒకదాంట్లో వేలెడు మచ్చ ఉందని ఒక చీర కూలి మొత్తం కోసేశాడు. ఆ మచ్చ చీరని పారేశాడా? లేదు, అమ్ముకున్నాడు. నాన్న ఆ రాత్రి మాట్లాడలేదు. నాలుగు నెలల తర్వాత మగ్గం పుల్లలు పొయ్యిలోకి వెళ్ళాయి. అప్పటికి మా ఊళ్ళో ప్రింటు ఇక్కత్ అనే మాటే ఎవరూ వినలేదు. మా మగ్గాన్ని ఏ స్క్రీను చంపిందో చెప్పండి.

8 వేల చీరలో నేసినవాడికి ఎంత వెళ్తుందో కూడా చెప్పండి. మీకు తెలుసు, చెప్పరు. పేరు, పేరు అంటున్నారు. ఆ పేరు మీద బతికేది షాపు. ఏసీ షాపులో 8 వేలకి అమ్మేవాడిని ఒక్క మాట అనకుండా, ఇంట్లో కూర్చుని 850కి అమ్మే ఆడదాని మీద పడ్డారు.

నిర్వాహకుడు
వ్యక్తిగతంగా వెళ్ళకండి. ఈ చర్చ దారం మూసేయాల్సి వస్తుంది.

బాలానగర్_బాబాయ్
పడుగు దారమా, పేక దారమా?

పదాల_పంతులు
సావుకారు కాదు, షావుకారు. అయినా ఆ ప్రాంతంలో సావుకారనే అంటారు, సరే.

పడుగుపేక
తప్పయింది అక్కా. మాట తూలిన. మచ్చ పడితే కూలి కోసుడు మా దగ్గర కూడ ఉండె. ఒక వార్పుకు, అంటే మగ్గానికి ఒకసారి ఎక్కించే పడుగుకు, ఏడు చీరలు. నాయిన, అమ్మ, చెల్లె, నేను నలుగురం నెల పదిహేను దినాలు చేస్తే వచ్చేది నాయిన ఒక్కని కూలి లెక్కనే. కట్లు కట్టిన చెల్లెకు కూలి ఎవరిస్తరు? అది ఇంటి పని కింద పాయె. మీరన్నది నిజమే, షాపోన్ని అనలే. అంటే ఏమైతది? ఆనికి వినపడదు. మీకు వినపడుతదని మీ మీద పడ్డ.

కాని ప్రింటు మంచిదని మాత్రం ఒప్పుకోను.

సంధ్య_చీరలు
ఒప్పుకోమని ఎవరన్నారు.

ఉప్పల్_పద్మజ
మీ గొడవలో నా చీర మర్చిపోయారు. కుట్టుమిషన్ గారు చెప్పినట్టు ముక్క అంచున దారాలు లాగాను. నిలువుది మొత్తం మెరూన్. అడ్డంది మెరూన్, తెలుపు, ఆవపిండి రంగు, మచ్చమచ్చలుగా. గుండుసూదితో పురి విప్పి చూశా, లోపలిదాకా రంగు ఉంది.

కూకట్‌పల్లి_కుట్టుమిషన్
అయితే అది ప్రింటు కాదండీ! పేకలో కట్టు కట్టి నేసిందే. మీ వదినది తప్పు.

పడుగుపేక
తొందరపడకున్రి. కట్టు కట్టిన దారాన్ని మరమగ్గం మీద కూడ నేస్తున్నరు ఇప్పుడు. పట్టు అని అమ్మిన్రు కదా, ఆ రెండు దారాలు కాల్చి చూడక్కా. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తది, బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతది.

ఉప్పల్_పద్మజ
కాల్చాను. మావారు వంటింట్లోకి వచ్చి ఏం చేస్తున్నావని ఒకటే గోల. మెరూన్ దారం కరిగి నల్లపూసలా గట్టిపడింది. బొమ్మ ఉన్న దారం కాగితంలా మండింది. వెంట్రుకల వాసన దేనికీ లేదు.

కూకట్‌పల్లి_కుట్టుమిషన్
పడుగు పాలిస్టర్ అన్నమాట. పేక పట్టు కాదు.

ఉప్పల్_పద్మజ
అంటే ప్రింటూ కాదు, పట్టూ కాదు. ఇప్పుడు వదినకి ఫోన్ చేసి "నువ్వన్నది తప్పు" అని చెప్పనా? చెప్తే "అయితే పట్టేనా?" అంటుంది. నోరు మూసుకుంటాను.

సంధ్య_చీరలు
పద్మజగారూ, బిల్లు మీద పట్టు అని రాసుంటే పట్టుకెళ్ళి అడగండి. అది మాత్రం వదలకండి.

పడుగుపేక గారూ, ఒక సంగతి అడుగుతాను. మీ నాన్నగారు ఇంకా నేస్తుంటే, సావుకారు ఇచ్చేదానికి చీరకి వెయ్యి ఎక్కువ పెట్టి నేరుగా నేనే తీసుకుంటా. నూలు డబ్బు ముందే ఇస్తా. నెలకి రెండు చాలు, నా గ్రూపులో ఆ ధర పెట్టగలవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు.

పడుగుపేక
నాయిన నేస్తలేడు అక్కా. మూడేండ్లయింది. మగ్గం గుంట పూడ్చి, పైన సిమెంటు పోసినం. నా బైక్ అక్కడనే పెడ్త. నేను ఉప్పల్‌ల సెక్యూరిటీ ఏజెన్సీల లెక్కలు రాస్త.

పుట్టపాక_పోరడు
సంధ్యక్కా, మా చిన్నాయిన ఇంకా నేస్తున్నడు. లోపల మెసేజ్ పెట్టు, నంబరిస్త. కాని ఒక్క కండిషను. నీ గ్రూపుల పుట్టపాక చీర అని రాయాలె. పోచంపల్లి అని రాస్తే ఇయ్య.