నాట్లకు పోయే అమ్మకు పిప్పిగోళ్ళు, ఎవరికైనా తగ్గాయా?

నర్సంపేట_రైతుబిడ్డ: మా అమ్మ వానాకాలం, యాసంగి రెండు పంటలకూ నాట్లకు పోతుంది. కాలి బొటనవేలి గోరు పసుపుపచ్చగా మారి, మందమై, అంచున పొడిలా రాలుతోంది. నొప్పి లేదంటుంది. ఊర్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన ట్యూబు రాస్తోంది, గోరు మాత్రం అట్లనే ఉంది. అమ్మకు షుగర్ కూడా ఉంది. మీలో ఎవరికైనా తగ్గితే ఏం వాడారో చెప్పండి.

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్: తమ్మీ, గనిలో దిగే మావాళ్ళలో ఇది చాలామందికి ఉంటుంది. షిఫ్టంతా బూట్లలో చెమట, కింద నీళ్ళు. ముందు వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా నాని ఒరుస్తుంది, దురద పెడుతుంది. అక్కడి నుంచే గోటికి పాకుతుంది. నాకు డాక్టర్ గోరు ముక్క కత్తిరించి పరీక్షకు పంపి, ఫంగస్ అని తేలాకే మాత్రలు రాశారు. టెర్బినాఫిన్ 250 మిల్లీగ్రాములు, రోజుకొకటి, 12 వారాలు. చేతిగోళ్ళకైతే 6 వారాలేనట. మొదలుపెట్టే ముందు లివర్ కోసం రక్తపరీక్ష చేయించారు. మధ్యలో కొన్నాళ్ళు నాలుకకు రుచి తెలియలేదు, తర్వాత సర్దుకుంది.

నర్సంపేట_రైతుబిడ్డ: అన్నా, కోర్సు అయ్యేసరికి గోరు మంచిగైందా?

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్: కాలేదు. గోటి మొదలు దగ్గర కొంచెం కొత్తది కనిపిస్తుంది, అంతే. కాలిగోరు పెరిగేదే నెలకు ఒకటిన్నర మిల్లీమీటరు. పాడైనదంతా ముందుకు జరిగి మన కట్టర్‌కు అందాలంటే ఏడాది, ఏడాదిన్నర. మా క్వార్టర్స్‌లో ఒకాయన నెల వాడి, ఈ మందు పనికిరాదని ఆపేశాడు. ఇప్పుడు పక్క వేళ్ళకూ పాకింది.

హన్మకొండ_మెడికల్‌షాపు: ముందు ఆ ట్యూబు మీద ఏం రాసి ఉందో చూడండి. క్లోబెటాసోల్, బెటామెథాసోన్ అని ఉంటే అందులో స్టెరాయిడ్ కలిసినట్టే. దురద వెంటనే తగ్గుతుంది, ఫంగస్ మాత్రం చాటుగా పెరుగుతుంది. మా కౌంటర్ దగ్గరికి వచ్చి పేరు పెట్టి మరీ అడిగి కొనుక్కుపోతారు, వద్దంటే కోపం. అయినా మామూలు క్రీమ్ మందమైన గోటిలోకి దిగదు. గోటి కొసనే కొంచెం పాడైతే అమోరోల్ఫిన్ 5 శాతం లక్కర్ ఉంది, నెయిల్ పాలిష్‌లా వారానికి ఒకటి రెండుసార్లు వేయాలి. మొదలుదాకా పోతే మాత్రలే. ఇట్రాకొనజోల్ అని ఇంకోటి ఉంది కానీ గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు ఇవ్వరు, కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో అస్సలు పడదు. షుగర్ ఉన్నవాళ్ళు చాలామంది అవీ వాడుతుంటారు. అమ్మ మందుల చీటీలన్నీ డాక్టర్‌కు చూపించండి.

జగిత్యాల_పెద్దాయన: ఇంత టెన్షన్ ఎందుకయ్యా? వేపనూనె, పసుపు రాయండి. మా కాలంలో ఇవన్నీ ఎక్కడివి?

కరీంనగర్_టిఫిన్‌సెంటర్: బాబాయ్, మీ కాలంలోనూ పిప్పిగోళ్ళు ఉండేవి, ఎవరూ చూపించుకోలేదు, అంతే. నాది చేతివేళ్ళ బాధ. పొద్దంతా గిన్నెలు, నీళ్ళు. గోటి మొదలు వాచి ఎర్రబడింది, పక్క నుంచి గోరు రంగు మారింది. మా అత్తమ్మ గోరుచుట్టు అని నిమ్మకాయకు చిల్లు పెట్టి వేలికి తొడిగింది. మంట తప్ప ఏమీ మిగల్లేదు. స్కిన్ డాక్టర్ ఇది క్యాండిడా అనే ఫంగస్, చేతులు నానితే తిరిగి వస్తుంది అన్నారు. ఇప్పుడు లోపల నూలు గ్లవ్స్, పైన రబ్బరువి వేసుకుని తోముతున్నా.

మంచిర్యాల_టీచర్: పరీక్ష మాత్రం తప్పనిసరిగా చేయించండి. మా తమ్ముడు చాలాకాలం ఫంగస్ మందులే మింగాడు, చివరికి అది ఫంగస్ కాదు, సొరియాసిస్ అనే చర్మవ్యాధి అని తేలింది. వాడి గోళ్ళ మీద గుండుసూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంతలు ఉండేవి.

నర్సంపేట_రైతుబిడ్డ: అందరికీ థ్యాంక్స్. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి స్కిన్ ఓపీకి తీసుకుపోతా. కానీ నాట్లు మానమంటే అమ్మ వినదు. బూట్లు వేస్తే బురదలో దిగబడతాయి.

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్: మానక్కర్లేదు. గట్టెక్కాక మంచినీళ్ళతో కడిగి, పొడిబట్టతో వేళ్ళ సందులు తుడవమను. తడి ఆరకుండా చెప్పులు వేసుకోవద్దు. ఆమెకు నెయిల్ కట్టర్ వేరే పెట్టు, మీరెవరూ ముట్టొద్దు. షుగర్ ఉంది కాబట్టి గోరు మూలల్లోకి లోతుగా కత్తిరించవద్దు. చిన్న గాటు పడినా, చీము కనిపించినా ఆ రోజే చూపించు.

హన్మకొండ_మెడికల్‌షాపు: ఆషాఢం కదా, పరీక్ష అయ్యేదాకా ఆ వేలికి గోరింటాకు వద్దు, గోటి రంగు తెలియదు. ఫంగస్ మందు వాడుతుంటే పరీక్షలో దొరక్కపోవచ్చు కూడా. అందుకే ఆ ట్యూబు పారేయకుండా వెంట తీసుకుపోండి, ఎన్నాళ్ళ నుంచి రాస్తున్నారో చెప్పండి.